నాలుగో దశ క్యాన్సర్‌లో రక్తపు డీఎన్‌ఏ పరీక్ష: స్కాన్, మార్కర్, ముక్క పరీక్షల పక్కన పెట్టి చూస్తే

ఇంట్లో ఒకరికి నాలుగో దశ క్యాన్సర్ వైద్యం నడుస్తుంటే రెండు మూడు నెలలకోసారి స్కాన్ రోజు ఒక గండంలా వస్తుంది. ఈమధ్య దానికి తోడు ఇంకో ప్రశ్న కూడా చేరింది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్ చేసిన మేనల్లుడు "లిక్విడ్ బయాప్సీ చేయించారా అత్తయ్యకి?" అని అడుగుతాడు. గడ్డ డీఎన్‌ఏను రక్తంలో వెతికే పరీక్ష అది. ల్యాబ్ తరఫు మనిషి కరపత్రం చేతిలో పెట్టి పోతాడు. డాక్టరుగారిని అడిగితే "చేయిస్తే మంచిదే, తప్పనిసరేం కాదు" అంటారు. ఆ రెండు మాటల మధ్య వేలల్లో మొదలై లక్ష దాటే దాకా ఖర్చు ఉంది. చేయించాలా, వద్దా? చేయిస్తే ఎప్పుడు? స్కాన్ మానేయొచ్చా?

ఇక్కడ రాసేది ఇప్పటికే వ్యాపించిన క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవాళ్ల గురించి మాత్రమే. ఆపరేషన్ తర్వాత జబ్బు ఏమైనా మిగిలిందా అని వెతికే పరీక్షలు, జబ్బు లేనివాళ్లకు "ఒక్క రక్త పరీక్షతో అన్ని క్యాన్సర్లూ" అంటూ అమ్మే పరీక్షలు వేరే సంగతి.

## ముందు ఏం తూచుకోవాలి

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటే: ఫలితం ఎటు వచ్చినా మందు మారుతుందా? మారే అవకాశం ఉంటే పరీక్షకు విలువ ఉంది. "పాజిటివ్ వచ్చినా ఇదే మందు, నెగెటివ్ వచ్చినా ఇదే మందు" అని డాక్టరుగారు అంటే, ఆ డబ్బు రోగి తిండికో, ఊరి నుంచి ఆసుపత్రికి కారు కిరాయికో పనికొస్తుంది.

తర్వాత చూడాల్సింది, ఆ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందన్నది. జబ్బు ఎక్కడుంది, ఎంతుంది అనేది ఒక ప్రశ్న. మందు పట్టుతోందా అనేది రెండోది. పట్టడం మానేస్తే ఎందుకు మానేసింది, ఇప్పుడు ఏ మందుకు లొంగుతుంది అనేది మూడోది. మూడింటికీ జవాబు చెప్పే పరీక్ష ఒక్కటీ లేదు. చాలామంది చిక్కు ఇక్కడే: మూడో ప్రశ్నకు పుట్టిన పరీక్షను మొదటి ప్రశ్నకు వాడబోతారు.

ఆ తర్వాత మిగిలినవి: తప్పుడు జవాబు వచ్చే అవకాశం ఎంత, ఒంటికి ఎంత కష్టం, ఎంత ఖర్చు, ఎన్ని రోజుల్లో రిపోర్టు.

## రక్తంలోకి గడ్డ డీఎన్‌ఏ ఎలా వస్తుంది

మన ఒంట్లో కణాలు రోజూ చస్తూనే ఉంటాయి. చచ్చిన కణాల డీఎన్‌ఏ చిన్న చిన్న తునకలుగా రక్తంలో కలుస్తుంది. ఒక్కో తునక సుమారు 167 అక్షరాల పొడవు. ఈ తునకలున్నాయని 1948లోనే ఫ్రాన్స్‌లో మాండెల్, మెటే అనే ఇద్దరు రాశారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఆ తునకల్లో కొన్ని గడ్డ నుంచి వచ్చినవి, గడ్డలోని మ్యుటేషన్లను (జన్యువుల్లో వచ్చిన మార్పులను) మోస్తూ ఉంటాయి. వీటినే సీటీడీఎన్‌ఏ అంటున్నారు. ఇవి రక్తంలో ఎక్కువసేపు నిలవవు. రెండు గంటలు, అంతకంటే తక్కువలోనే సగం మాయమవుతాయి. ఈ పరీక్ష బలమంతా అందులోనే ఉంది. ఇవాళ తీసిన రక్తం ఇవాళ్టి సంగతే చెబుతుంది.

బలహీనత తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడండి. 10 మిల్లీలీటర్ల రక్తంలో ప్లాస్మా, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవం, నాలుగు మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. అందులో డీఎన్‌ఏ మొత్తం 20 నానోగ్రాములు దొరికిందనుకుందాం. ఒక నానోగ్రాముకు సుమారు 300 ప్రతుల చొప్పున, మన చేతిలో ఉన్నవి ఆరు వేల ప్రతులు. గడ్డ వాటా 0.05 శాతం అయితే, ఆరు వేలలో మనం వెతికే మ్యుటేషన్ ఉన్నవి మూడంటే మూడు. ఆ మూడూ ఆ ట్యూబులోకి రాకపోతే ఎంత గొప్ప యంత్రమైనా చూడలేదు. అందుకే "నాట్ డిటెక్టెడ్" అన్న మాటకు "క్యాన్సర్ లేదు" అన్న అర్థం ఎప్పుడూ రాదు. కింది స్థాయిలో 0.1 నుంచి 0.2 శాతానికి పెరిగితే రెట్టింపైందని గుండెలు బాదుకోవాల్సిన పనీ లేదు.

## నాలుగు దారులూ ఒకచోట

| | సీటీ, పెట్ సీటీ స్కాన్ | రక్తపు మార్కర్లు (సీఈఏ, సీఏ-125, సీఏ 15-3, పీఎస్ఏ) | రక్తపు డీఎన్‌ఏ పరీక్ష | మళ్లీ ముక్క పరీక్ష |
|---|---|---|---|---|
| జబ్బు ఎక్కడ, ఎంత | బాగా చెబుతుంది | చెప్పదు | ఎక్కడో చెప్పదు, మొత్తం బరువు ఉజ్జాయింపుగా | ముక్క తీసిన చోటు వరకే |
| మందు పట్టుతోందా | 8–12 వారాలకు తెలుస్తుంది | వారాల్లో సూచన, నమ్మకం తక్కువ | వారాల్లో సూచన, చాలామందిలో మెరుగు | దీనికి వాడరు |
| ఎందుకు లొంగడం లేదు | చెప్పదు | చెప్పదు | చాలా మ్యుటేషన్లు చెబుతుంది | మ్యుటేషన్లతో పాటు కణం రూపం కూడా |
| తప్పుదోవ పట్టించేవి | టీబీ, ఇన్ఫెక్షన్, ఇమ్యునోథెరపీ వాపు | పొగతాగడం, కామెర్లు, కడుపులో నీరు | వయసుతో వచ్చే రక్తకణాల మ్యుటేషన్లు, రక్తంలోకి డీఎన్‌ఏ వదలని గడ్డలు | ఒక్కచోటు ముక్క మొత్తం కథ కాకపోవడం |
| ఒంటికి కష్టం | రేడియేషన్, కాంట్రాస్ట్ | సూదిపోటు | సూదిపోటు | సూది లేదా చిన్న ఆపరేషన్, కొద్దిపాటి ప్రమాదం |
| ఖర్చు | మధ్యస్థం, పెట్ ఎక్కువ | అన్నిటికంటే తక్కువ | మధ్యస్థం నుంచి చాలా ఎక్కువ | మధ్యస్థం, పైన జన్యు పరీక్ష ఖర్చు |

## స్కాన్

దీన్ని పక్కన పెట్టే రోజు ఇంకా రాలేదు. వెన్నెముకలో గడ్డ నరాన్ని నొక్కుతోందా, లివర్‌లో మచ్చ పెరిగి పిత్తనాళాన్ని మూసేస్తోందా అన్నది రక్తం చెప్పలేదు. ప్రపంచమంతా వాడే రెసిస్ట్ కొలత ప్రకారం, ఎంచుకున్న గడ్డల వ్యాసాల మొత్తం అంతకుముందున్న అతి తక్కువ కొలత మీద 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టు. మొదట్లో ఉన్నదాని మీద 30 శాతం తగ్గితే మందు పట్టినట్టు. కొత్త గడ్డ కనిపిస్తే అది కూడా ముదిరినట్టే.

చిక్కులు మూడు. ఎముకల్లోకి పాకిన జబ్బును ఈ కొలబద్దతో కొలవడం కష్టం. ఇమ్యునోథెరపీలో (ఒంటి రక్షణ కణాలను క్యాన్సర్ మీదికి లేపే వైద్యంలో) మొదటి నెలల్లో గడ్డలోకి రక్షణ కణాలు చేరి, నిజానికి మందు పనిచేస్తున్నా స్కాన్‌లో పెరిగినట్టు కనిపించే సందర్భాలున్నాయి. తరచు కాకపోయినా ఉన్నాయి. మూడోది మన దేశపు చిక్కు: పెట్ స్కాన్‌లో టీబీ గ్రంథులు కూడా క్యాన్సర్‌లాగే వెలుగుతాయి. కొత్తగా ఒక్క గ్రంథి వెలిగిందని మందు మార్చేముందు దాని ముక్క తీసి చూద్దామని డాక్టర్లు అనడం అందుకే.

## మార్కర్లు

క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే కొన్ని పదార్థాల కొలతలివి. చవక, ఏ జిల్లా కేంద్రంలోనైనా దొరుకుతాయి. మొదట్లో ఎక్కువగా ఉండి, మందుతో తగ్గిన మార్కర్ అయితే వెంబడించడానికి పనికొస్తుంది. అసలు పెరగని మనిషిలో నెలనెలా సీఈఏ చేయించడం దండగ. కీమో మొదలుపెట్టిన మొదటి నాలుగారు వారాల్లో సీఈఏ కొంత ఎగిరి తర్వాత దిగడం కొందరిలో మామూలే. కామెర్లుంటే సీఏ 19-9, కడుపులో టీబీ ఉన్నా నీరు చేరినా సీఏ-125 పెరుగుతాయి. నూటికి ఐదు నుంచి పది మందికి పుట్టుకతోనే సీఏ 19-9 తయారు కాదు. వాళ్లలో అది ఎప్పుడు చూసినా నార్మలే.

వాట్సాప్‌లో కుటుంబం మొత్తం ఒక్క మార్కర్ అంకె చుట్టూ వారమంతా కొట్టుకుపోవడం చూస్తూనే ఉంటాం. ఒక్క అంకెతో ఎవరూ మందు మార్చరు. నాలుగైదు అంకెలు వరసగా ఎటు పోతున్నాయో చూస్తారు.

## రక్తపు డీఎన్‌ఏ పరీక్షలు, మూడు రకాలు

"లిక్విడ్ బయాప్సీ" అని ఒకే పేరుతో అమ్ముతున్నా లోపల సరుకు వేరువేరు.

మొదటిది, ఒకటి రెండు తెలిసిన మ్యుటేషన్లను మాత్రమే వెతికే పీసీఆర్ రకం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్, పెద్దపేగులో కేరాస్, రొమ్ములో ఈఎస్ఆర్1 లాంటివి. తక్కువ ఖర్చు, త్వరగా రిపోర్టు, కానీ అడిగినదానికే జవాబు. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి ఆమోదించిన రక్తపు క్యాన్సర్ డీఎన్‌ఏ పరీక్ష ఈ జాతిదే: ఈజీఎఫ్‌ఆర్ కోసం కోబాస్.

రెండోది, పదుల నుంచి వందల జన్యువులను ఒకేసారి చదివే పెద్ద ప్యానెల్. గార్డెంట్360, ఫౌండేషన్‌వన్ లిక్విడ్ పరీక్షలకు 2020 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. మన దేశంలోని ల్యాబులు కూడా ఇలాంటి ప్యానెళ్లు చేస్తున్నాయి. మందు పట్టడం మానేసినప్పుడు "ఇప్పుడేంటి?" అన్న ప్రశ్నకు సరైన పరీక్ష ఇది. ప్రతి మూడు నెలలకూ చేయించే పరీక్ష మాత్రం కాదు.

మూడోది, రోగి గడ్డ ముక్కను ముందు పూర్తిగా చదివి, ఆ మనిషికే ప్రత్యేకంగా మ్యుటేషన్ల జాబితా కట్టి, వాటిని రక్తంలో వెంబడించేది. సిగ్నటెరా దీనికి పేరున్న ఉదాహరణ. 16 మ్యుటేషన్లు ఎంచుకుంటుంది. చాలా తక్కువ మోతాదును కూడా పట్టగలదు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది బాగా చెబుతుంది. కానీ కొత్త మందు కోసం కొత్తగా పుట్టిన మ్యుటేషన్‌ను వెతకడానికి కట్టింది కాదు. పాత ముక్క బ్లాక్ (ముక్కను మైనంలో దాచిన దిమ్మ) కూడా కావాలి.

వీటితో కలిపేసి అమ్మే ఇంకోటి సీటీసీ, అంటే రక్తంలో తిరిగే గడ్డ కణాలను లెక్కపెట్టేది. అది డీఎన్‌ఏ పరీక్ష కాదు. రొమ్ము క్యాన్సర్‌లో ఆ లెక్క చూసి త్వరగా కీమో మార్చిన పెద్ద అమెరికన్ అధ్యయనంలో ఆయుష్షు ఏమీ పెరగలేదు.

డీఎన్‌ఏ పరీక్ష మార్కర్ కంటే మెరుగని చెప్పడానికి ఆధారం ఉంది. కేంబ్రిడ్జ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 30 మందిలో 29 మందికి సీటీడీఎన్‌ఏ కనిపించింది; సీఏ 15-3 మాత్రం 27 మందిలో 21 మందికే పెరిగింది. చిన్న అధ్యయనమే అయినా తర్వాత వచ్చినవి ఇదే దారిలో ఉన్నాయి.

తప్పుదోవ పట్టించేవి రెండు. ఒకటి, కొన్ని గడ్డలు రక్తంలోకి డీఎన్‌ఏ పెద్దగా వదలవు. మెదడులో మాత్రమే ఉన్న జబ్బు, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు, పొట్ట పొరకే పరిమితమైన జబ్బు ఇలాంటివి. రెండోది, వయసు మీదపడ్డాక రక్తకణాల్లో వాటంతట అవే మ్యుటేషన్లు పుడతాయి. డీఎన్ఎంటీ3ఏ, టెట్2, ఏఎస్ఎక్స్ఎల్1 జన్యువుల్లో ఇవి మామూలు. ఒక్కోసారి టీపీ53, ఏటీఎం, చెక్2లో కూడా కనిపిస్తాయి. డెబ్బై ఏళ్ల ప్రొస్టేట్ రోగి రిపోర్టులో ఏటీఎం మ్యుటేషన్ చూసి ఖరీదైన మాత్ర మొదలుపెట్టేముందు, అది గడ్డదా రక్తకణానిదా అని తేల్చుకోవాలి. తెల్లకణాల డీఎన్‌ఏను పక్కన పెట్టి పోల్చే ల్యాబ్ అయితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు ఈ ప్రశ్న అడగండి.

## మళ్లీ ముక్క పరీక్ష

"ఇంకోసారి సూది గుచ్చుతారా" అని రోగి భయపడటం సహజం. అయినా కొన్నిచోట్ల దీనికి ప్రత్యామ్నాయం లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కొందరిలో మందుల ఒత్తిడికి రూపం మార్చుకుని స్మాల్ సెల్ రకంగా తయారవుతుంది. అప్పుడు వైద్యమే పూర్తిగా వేరు. ఆ మార్పును మైక్రోస్కోపు కింద ముక్క పెట్టి చూస్తేనే నమ్మకంగా చెప్పగలరు. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్, హెర్2 రంగుల పరీక్షలు కూడా ముక్క మీదే.

## త్వరగా తెలిస్తే మేలేనా?

కరపత్రాల్లో పెద్దక్షరాలతో ఉండే మాట: "స్కాన్ కంటే నెలల ముందే తెలుస్తుంది." చాలామందిలో అది నిజమే. ముందు తెలిసినందువల్ల రోగికి ఏం ఒరిగింది అన్నది మాత్రం వేరే ప్రశ్న. దానికి అసలు జవాబు రెండు క్యాన్సర్లలో జరిగిన అధ్యయనాల్లో, రెండు వేరే వేరే దిక్కుల్లో దొరుకుతుంది.

మొదటిది అండాశయ క్యాన్సర్‌లో సీఏ-125 మీద జరిగింది. ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కీమోతో జబ్బు కనిపించకుండా పోయిన స్త్రీలలో సీఏ-125 మళ్లీ పెరిగిన 529 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అంకె పెరగ్గానే కీమో. ఇంకో గుంపుకు అంకె చెప్పకుండా, లక్షణాలు వచ్చాకే కీమో. మొదటి గుంపు ఐదు నెలలకు దగ్గరదగ్గరగా ముందే కీమో మొదలుపెట్టింది. చివరికి సగటు ఆయుష్షు 25.7 నెలలు, 27.1 నెలలు: తేడా లేనట్టే. ముందే మొదలుపెట్టినవాళ్లకు మిగిలింది, హాయిగా గడపాల్సిన ఆ నెలలు కూడా సూదుల మధ్య గడవడమే.

రెండోది రొమ్ము క్యాన్సర్. హార్మోన్ మందు వాడుతుండగా ఈఎస్ఆర్1 అనే జన్యువులో మ్యుటేషన్ పుట్టి మందు పనిచేయడం మానేస్తుంది. ఫ్రాన్స్‌లో జరిగిన పాడా-1 అధ్యయనంలో రక్తంలో ఈ మ్యుటేషన్ పెరగ్గానే, స్కాన్ ఇంకా బాగున్నా, హార్మోన్ మందును ఫుల్వెస్ట్రాంట్‌కు మార్చారు. జబ్బు ముదరకుండా గడిచిన కాలం 5.7 నెలల నుంచి 11.9 నెలలకు పెరిగింది. 2025లో వచ్చిన సెరీనా-6లో ఇదే పద్ధతిలో కామిజెస్ట్రాంట్ అనే కొత్త మాత్రకు మారిస్తే 9.2 నెలలు 16.0 అయ్యాయి. మూడు వేలకు పైగా రోగుల రక్తం మళ్లీ మళ్లీ చూస్తే, అధ్యయనానికి తగినవాళ్లు దొరికింది 315 మంది. ఆయుష్షు పెరిగిందా అన్నది ఆ ఫలితాలు వచ్చేనాటికి తేలలేదు. ముందు మార్చినవాళ్లకు, స్కాన్‌లో పెరిగాక మార్చినవాళ్లకు చివరి లెక్క ఒకటే కావచ్చన్న అనుమానం కూడా నిపుణుల్లో ఉంది.

రెండింటికీ తేడా ఎక్కడుందో గమనించారా? రొమ్ము క్యాన్సర్‌లో ఫలం కనిపించింది, పుట్టిన మ్యుటేషన్‌కు సరిపోయే మందు చేతిలో సిద్ధంగా ఉన్నందువల్ల. అండాశయంలో ఉన్నది ఎప్పుడు మొదలుపెట్టినా అంతే పనిచేసే కీమో. నా ఉద్దేశంలో ఎవరికైనా ఈ పరీక్ష గురించి సలహా చెప్పేముందు చూడాల్సింది ఈ తేడానే. యూరప్ క్యాన్సర్ వైద్యుల సంఘం ఎస్మో 2022లో ఇచ్చిన సిఫారసులు కూడా దాదాపు ఇదే మాట చెప్పాయి: ముదిరిన జబ్బులో మందు ఎంచుకోవడానికి రక్తపు డీఎన్‌ఏ పరీక్షను మామూలుగా వాడొచ్చు; మందు పనితీరును వెంబడించడానికి అందరికీ వాడమని చెప్పడానికి ఆధారం చాలదు.

## ఎవరికి ఏది

ఊపిరితిత్తుల క్యాన్సర్, ఈజీఎఫ్‌ఆర్ ఉన్నవాళ్లు. మన దేశంలో ఈ మ్యుటేషన్ తక్కువేం కాదు. అడెనోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) ఉన్నవాళ్లలో నాలుగో వంతుకు అటూఇటూగా కనిపిస్తుంది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి పాత మాత్రల మీద ఉండి జబ్బు ముదిరితే, సగానికి పైగా రోగుల్లో కారణం టీ790ఎం మ్యుటేషన్. దానికి ఓసిమెర్టినిబ్ అనే మాత్ర ఉంది. కాబట్టి ముందు రక్త పరీక్ష చేయించండి. అందులో కనిపిస్తే ముక్క బాధ తప్పింది. కనిపించకపోతే అక్కడితో ఆగొద్దు: ముక్కలో టీ790ఎం ఉన్నవాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి రక్తంలో అది దొరకలేదని అధ్యయనాలు చెబుతున్నాయి. మొదటి నుంచీ ఓసిమెర్టినిబ్ మీదే ఉన్నవాళ్లయితే టీ790ఎం కోసం వెతికే చిన్న పరీక్ష దండగ. వాళ్లకు మెట్ జన్యువు ప్రతులు పెరగడం, సీ797ఎస్ మ్యుటేషన్, స్మాల్ సెల్ రూపమార్పు లాంటివి చూడాలి. వీలైతే ముక్క, దాంతోపాటు పెద్ద ప్యానెల్.

హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్. జబ్బు ముదిరాక ఈఎస్ఆర్1, పిక్3సీఏ చూడటానికి రక్తం సరిపోతుంది. ఈఎస్ఆర్1 మ్యుటేషన్ ఉన్నవాళ్లకు ఎలాసెస్ట్రాంట్ మాత్రను ఎఫ్‌డీఏ 2023 జనవరిలో ఆమోదించింది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి వాడినది రక్త పరీక్షే. స్కాన్ బాగున్నప్పుడు కూడా రెండు మూడు నెలలకోసారి చేయిస్తూ పోవాలా అంటే, దొరికిన వెంటనే మార్చుకోగలిగే మందు మీకు అందుబాటులో ఉందా అని ముందు అడగండి. లేకపోతే స్కాన్‌తోనే సాగండి.

పెద్దపేగు క్యాన్సర్. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు వాడుతుండగా రాస్ మ్యుటేషన్లు పుట్టి మందు చెడుతుంది. మందు ఆపాక ఆ మ్యుటేషన్ ఉన్న కణాలు నెలల తరబడి తగ్గుతూ వస్తాయి. ఇటలీలో జరిగిన క్రోనోస్ అధ్యయనంలో రక్తంలో అవి లేవని చూసుకుని 27 మందికి అదే మందు మళ్లీ ఇస్తే 30 శాతం మందిలో గడ్డలు తగ్గాయి. అన్ని కీమోలూ అయిపోయి "ఇంకేమీ లేదు" అన్న చోట ఇది అడగదగ్గ ప్రశ్న. మామూలుగా వెంబడించడానికైతే సీఈఏ, సీటీ స్కాన్ చాలు.

ఇమ్యునోథెరపీ మీద ఉన్నవాళ్లు. మొదటి స్కాన్‌లో గడ్డ పెరిగినట్టుంది, మనిషి మాత్రం బాగా తింటున్నాడు, బరువు పెరిగాడు. ఇలాంటప్పుడు సీటీడీఎన్‌ఏ బాగా పడిపోయి ఉంటే అది నిజమైన ముదురుడు కాకపోవచ్చన్న ధైర్యం వస్తుంది. మందు మొదలుపెట్టేముందు తీసిన శాంపిల్ లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఆలోచన ఉంటే మొదటి డోసుకు ముందే రక్తం ఇవ్వాలి.

మెదడులో మాత్రమే పెరుగుతున్న జబ్బు. రక్తం మీద ఆధారపడొద్దు. ఎంఆర్ఐ చేయించాలి, అవసరమైతే వెన్నునీరు పరీక్ష.

మ్యుటేషన్‌కు తగిన మందే లేని క్యాన్సర్లు, లేదా రోగి బాగా నీరసించి ఇక మందులు వద్దనుకున్న దశ. పరీక్ష వద్దు. ఈ మాట చెప్పడానికి ఇంట్లోవాళ్లకు మనసొప్పదు, బయటివాళ్లు "ప్రయత్నించారా" అని అడుగుతూనే ఉంటారు. అక్కడ నొప్పి తగ్గించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఏ ప్యానెల్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

## చేయించాలనుకుంటే

రక్తం ఎప్పుడు ఇస్తామన్నది చాలా ముఖ్యం. మందు ఎందుకు చెడిందో తెలుసుకోవడానికైతే జబ్బు పెరుగుతున్నప్పుడు, కొత్త మందు మొదలుపెట్టక ముందు ఇవ్వాలి. కొత్త కీమో రెండు సైకిళ్లయ్యాక ఇస్తే గడ్డ డీఎన్‌ఏ తగ్గిపోయి ఏమీ దొరకకపోవచ్చు. జ్వరం, ఇన్ఫెక్షన్, ఈమధ్యే ఆపరేషన్ ఉంటే మామూలు కణాల డీఎన్‌ఏ పెరిగి గడ్డ వాటా పలచబడుతుంది. వీలైతే కాస్త ఆగండి. పరగడుపున రావాల్సిన పని లేదు.

ట్యూబును కళ్లారా చూడండి. మామూలు ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరుచేయాలి. లేకపోతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ అంతా కలిసిపోతుంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో తీసి హైదరాబాదో బెంగళూరో పంపాలంటే, కణాలు పగలకుండా నిలబెట్టే ప్రత్యేక ట్యూబు కావాలి. స్ట్రెక్ ట్యూబులు గది వేడిలో రోజుల తరబడి ఆగుతాయి. తీసిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు, గడ్డకట్టించే ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మే నెల ఎండలో కొరియర్ బండిలో గంటలు గంటలు పడి ఉండే పరిస్థితి ఉంటే, తీసే రోజే మార్చుకోవడం మేలు.

రిపోర్టులో మ్యుటేషన్ పేరు పక్కన శాతం అంకె ఉంటుంది. ఉదాహరణకు "ఈజీఎఫ్‌ఆర్ ఎల్858ఆర్ 4.2%, టీ790ఎం 0.6%" అని ఉందనుకోండి. మొదటిది అసలు మ్యుటేషన్. అది కనిపించిందంటే గడ్డ డీఎన్‌ఏ ట్యూబులో నిజంగానే ఉందని రుజువు. రెండోది దానిమీద కొత్తగా పుట్టిన కొమ్మ. అదే రిపోర్టులో రెండూ లేకపోతే "టీ790ఎం లేదు" అనడానికి లేదు. గడ్డ డీఎన్‌ఏ చాలినంత రాలేదని మాత్రమే అర్థం. ఏదైనా అంకె 50 శాతం చుట్టుపక్కల ఉంటే, ముఖ్యంగా బ్రాకా జన్యువుల్లో, అది పుట్టుకతో వచ్చినదేమో విడిగా చూపించుకోవాలి. అది తేలితే అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా జన్యు సలహా తీసుకోవాల్సి ఉంటుంది.

వెంబడించడానికి వాడుతుంటే ప్రతిసారీ అదే ల్యాబ్, అదే పరీక్ష. ఒక ల్యాబ్ 0.8 శాతాన్ని ఇంకో ల్యాబ్ 1.1తో పోల్చి పెరిగిందనడం కుదరదు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కింద వైద్యం నడుస్తుంటే, ఈ పరీక్ష అందులోకి వస్తుందో లేదో రక్తం ఇవ్వకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే డాక్టరుగారి చేత "ఈ ఫలితాన్ని బట్టి మందు నిర్ణయిస్తాం" అని రాయించుకుని ముందస్తు అనుమతి కోరండి. కొన్ని మందుల కంపెనీలు తమ మందుకు సంబంధించిన మ్యుటేషన్ పరీక్షను ఉచితంగానో తగ్గింపుతోనో చేయిస్తుంటాయి. ఆంకాలజిస్టుకు తెలిసి ఉంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు. మొదటి ముక్క పరీక్ష బ్లాకులు, స్లయిడ్లు ఆసుపత్రి నుంచి తీసుకుని, వేడి తగలని చోట, ఫైలుతో పాటు భద్రంగా ఉంచుకోండి. రెండో అభిప్రాయానికి ముంబై టాటాకు వెళ్లినా, అగనంపూడి హోమీ బాబా ఆసుపత్రికి వెళ్లినా మొదట అడిగేది అవే.